గుండు పొడవు, గొట్టం మెలి: రైఫిల్ ట్విస్టుకు తగిన తూటా ఏది?

అట్టమీద పడిన చిల్లు గుండ్రంగా ఉండాలి. అలా కాకుండా చెనక్కాయ ఆకారంలో పొడుగ్గా చిరిగిందంటే, గుండు ముక్కు ముందుకు పెట్టుకుని రాలేదన్నమాట. దారిలో ఎక్కడో పక్కకు ఒరిగి, అడ్డంగా వచ్చి తగిలింది. తాళం చెవి పట్టే కంతలా ఉంటుందని షూటర్లు ఈ చిల్లును కీహోల్ అంటారు. కావలి పక్క మామిడితోటలోనో ఒంగోలులో మేడమీదో ఎయిర్ రైఫిల్‌తో సాధన చేసేవాళ్లకు ఇలాంటి చిల్లు కనిపిస్తే ముందుగా అనుమానం గురి చూసే సైటు మీదకు పోతుంది. తర్వాత చేతి వణుకు మీదకు, సముద్రపు గాలి మీదకు. వీటిలో ఏదైనా గుండును పక్కకు తీసుకుపోగలదేమో కానీ, గుండును అడ్డం తిప్పలేదు. అడ్డం తిరిగిందంటే గొట్టం లోపల మరలా తిరిగే గాడుల మెలికీ (దీన్నే ట్విస్టు అంటారు), ఆ గుండుకీ పొత్తు కుదరలేదేమోనని ముందు చూడాలి.

ఈ పొత్తు గురించి దుకాణాల్లోనూ, షూటర్ల మధ్యా ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "బరువు గుండుకు ఎక్కువ మెలి కావాలి." సగం నిజమే. మిగతా సగం దగ్గరే డబ్బూ, సమయమూ వృథా అవుతున్నాయి. మెలి ఎంత కావాలో తేల్చేది గుండు పొడవు. బరువు ఆ పొడవు వెంట వచ్చేది, అదీ ప్రతిసారీ రాదు.

గుండు ఎందుకు తిరగాలి?

బొంగరం గుర్తు తెచ్చుకుంటే చాలు. తిరగని బొంగరాన్ని మేకు మీద నిలబెట్టలేం. తాడు చుట్టి విసిరితే అదే బొంగరం నిటారుగా నిలుస్తుంది. వేగం తగ్గేకొద్దీ తల ఊపడం మొదలుపెట్టి చివరికి పడిపోతుంది. బొంగరాన్ని పడదోయాలని చూసేది భూమి ఆకర్షణ. గుండును పడదోయాలని చూసేది ఎదురుగాలి.

ఈ చివరి మాటను కాస్త విప్పాలి. ఈకలు కట్టిన బాణానికి బరువంతా ముందు, ఇనప ములికిలో ఉంటుంది. గాలి పట్టుకునే భాగం వెనక, ఈకల దగ్గర ఉంటుంది. బాణం కాస్త పక్కకు తిరిగితే గాలి ఈకలను పట్టి వెనక్కి లాగి, తిరిగి దారిలో పెడుతుంది. నల్లమలలో చెంచుల బాణం తిన్నగా పోవడం వెనకున్న సూత్రం ఇదే, షటిల్ కాక్ ఎప్పుడూ బెండు వైపే ముందుకు తిరగడం వెనకా ఇదే. రైఫిల్ గుండు దీనికి తలకిందులు. ముందు సన్నగా, వెనక లావుగా ఉంటుంది కాబట్టి దాని బరువు వెనక పడుతుంది. గాలి నెట్టే చోటు దానికి ముందు, ముక్కు వైపు ఉంటుంది. రవ్వంత వాలితే చాలు, గాలి దాన్ని ఇంకా వాల్చాలని చూస్తుంది. దాని సొంత ఆకారం దాన్ని నిలబెట్టదు. నిలబెట్టేది సుడి ఒక్కటే.

శ్రీహరికోట పేరు ఉమ్మడి నెల్లూరు జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి లేచిన మొదటి రాకెట్ రోహిణి-125. పై వాతావరణాన్ని పరిశీలించే ఇలాంటి చిన్న సౌండింగ్ రాకెట్లకు తోక రెక్కలను కాస్త వాలుగా బిగించి, పైకి పోతూ తమ చుట్టూ తాము తిరిగేలా చేయడం పాత పద్ధతే. అయితే అక్కడ నిలకడ ఇచ్చేది రెక్కలు. తయారీలో వచ్చే చిన్న వంకరలు ఒకే వైపుకు లాగకుండా అన్ని వైపులకూ పంచడం సుడి పని. రెక్కల్లేని గుండుకు మాత్రం మొత్తం భారమంతా సుడి మీదే.

నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. అందులో వేసేవి గుండ్రటి గుళ్లు. బంతికి ముక్కూ తోకా లేవు కాబట్టి అడ్డం తిరగడమనే ప్రశ్నే రాదు. పొడుగు గుండు వచ్చాకే మెలి లెక్క ఇంత ముఖ్యమైంది. గుండు ఎంత పొడుగైతే గాలి దాన్ని వాల్చే పట్టు అంత పెరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి సుడీ అంత పెరగాలి.

మెలిని చదవడం, కొలవడం

గొట్టం లోపలికి వెలుతురు పట్టి చూస్తే మాగాణి చేలో గట్లూ కాలువలూ ఉన్నట్టే ఉంటుంది. కాలువలు గాడులు, గట్లు వాటి మధ్య ఎత్తు. ఇవి తిన్నగా పోకుండా బోల్టు మరలా మెలి తిరుగుతూ పోతాయి, కాకపోతే చాలా సాగదీసిన మర. గుండు ఆ గట్ల మధ్య బిగుసుకుని ముందుకు పోతూ, వాటితోపాటే తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టు తిరగడానికి గొట్టంలో ఎన్ని అంగుళాలు ప్రయాణిస్తుందో అదే ట్విస్టు. 1:16 అంటే 16 అంగుళాలకు ఒక చుట్టు. 1:8 అంటే 8 అంగుళాలకే ఒక చుట్టు. అంకె చిన్నదైతే మెలి ఎక్కువ. కొత్తవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే: 8 కంటే 16 పెద్దది కదా అని 1:16 ఎక్కువ మెలి అనుకుంటారు.

తుపాకీ కాగితాల్లో ట్విస్టు రాసి లేకపోతే ఇంట్లోనే కొలవొచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టు తీసేయాలి. పిడి దగ్గర బేరింగు ఉండి, తనంతట తాను తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి. దాని కొసకు గుడ్డముక్క బిగువుగా చుట్టి గొట్టంలోకి తోయాలి. రాడ్ మీద పైన ఒక గీత పెట్టుకుని, గొట్టం అంచు దగ్గరా ఒక గుర్తు పెట్టాలి. మెల్లగా లాగుతుంటే రాడ్ తిరుగుతుంది. పైన పెట్టిన గీత మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు జరిగిందో కొలిస్తే అదే ట్విస్టు. గొట్టం పొట్టిదైతే పూర్తి చుట్టు పట్టదు. అప్పుడు సగం చుట్టుకు కొలిచి రెట్టింపు చేయాలి. గుడ్డ వదులైతే జారిపోయి కొలత తప్పుతుంది, అందుకే మూడు సార్లు చేసి చూడాలి. మూడు సార్లూ దగ్గర దగ్గరగా వస్తేనే నమ్మాలి. పది నిమిషాల పని. ఇది చేయకుండా తూటాల డబ్బాలు మార్చి మార్చి కొనడం దండగ.

తులం లెక్క

గుండు బరువును ప్రపంచమంతా గ్రెయిన్లలోనే చెబుతుంది. మన పెద్దల కొలతలకు ఇది పరాయిది కాదు. బ్రిటిష్ కాలంలో ఖాయం చేసిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. కాబట్టి 180 గ్రెయిన్ల వేట గుండు అంటే ఒక తులం. కంసాలి తక్కెడలో వేసే గురువింద గింజ రమారమి రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఆ లెక్కన .22 రైఫిల్ 40 గ్రెయిన్ల గుండు ఇరవై చిల్లర గురువింద గింజలంత. పోటీల్లో వాడే (మ్యాచ్) ఎయిర్ రైఫిల్ పెల్లెట్ నాలుగు గింజలంతే, అరగ్రాము పైచిలుకు.

బరువును ఇలా ఊహించుకోవడం తేలిక. తూకం వేయడమూ తేలిక. అందుకే డబ్బా మీద బరువు రాస్తారు, పొడవు రాయరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఒకే బోరు (గొట్టం లోపలి అడ్డుకొలత), ఒకే బరువు ఉన్న రెండు గుళ్లు తీసుకుందాం. ఒకటి సీసం నింపి పైన పల్చటి రాగి తొడుగు వేసినది, రెండోది మొత్తం రాగిదే. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు, రాగిది దాదాపు 9 రెట్లు. తేలిక లోహంతో అదే బరువు రావాలంటే, అడ్డుకొలత పెంచడానికి వీల్లేదు కాబట్టి పొడవే పెరగాలి. తూకంలో సమానమే అయినా రాగి గుండు ఎక్కువ మెలి అడుగుతుంది. సీసం లేని గుళ్లు ఇప్పుడు ఎక్కువగా తయారవుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలు పూర్తిగా నిషిద్ధం. వెనకటి సీసపు గుళ్ల అలవాటుతో "150 గ్రెయిన్లే కదా" అని రాగి గుండు వేసినవాళ్లకు అట్టమీద చెనక్కాయ చిల్లు పడొచ్చు. ముక్కు బాగా సూదిగా, తోక పడవలా సన్నబడేట్టు చేసిన దూరపు గుళ్ల సంగతీ ఇంతే. ఆ సూది ముక్కులో బరువు ఉండదు కానీ పొడవు ఉంటుంది.

ఈ పొడవు లెక్కకు తొలి సులువైన సూత్రం 1879లో వచ్చింది. వూలిచ్ సైనిక అకాడమీలో గణితం చెప్పిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ దాన్ని కట్టాడు. గుండు అడ్డుకొలతను అదే అంకెతో గుణించి, దాన్ని 150తో గుణించి, వచ్చినదాన్ని గుండు పొడవుతో భాగించాలి. అన్నీ అంగుళాల్లోనే. వచ్చిన జవాబే కావలసిన ట్విస్టు. ఇందులో బరువు ఎక్కడా లేదు! సీసపు గుళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సూత్రం కాబట్టి లోహం మారితే ఒక చిన్న సవరణ ఉంది, అంతే.

.22 రైఫిల్ మీదే వేసి చూద్దాం. నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎన్.సి.సి. చేసినవాళ్ల చేతులకు తెలిసిన తూటా ఇది. గుండు అడ్డుకొలత 0.223 అంగుళం, 40 గ్రెయిన్ల గుండు పొడవు ఇంచుమించు 0.45 అంగుళం. అడ్డుకొలతను దానితోనే గుణిస్తే 0.0497. దాన్ని 150తో గుణిస్తే 7.46. 0.45తో భాగిస్తే 16.6. లోకంలో .22 రైఫిళ్లలో అత్యధికం 16 అంగుళాల మెలితో, కొన్ని 16.5తో వస్తున్నాయి. నూటనలభై ఏళ్లు దాటిన సూత్రం ఇప్పటి గొట్టంతో ఇంత దగ్గరగా సరిపోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

అదే బోరులో 60 గ్రెయిన్ల పొడుగు గుండు పెట్టిన తూటాలు కూడా దొరుకుతాయి. పైకి అదే .22 తూటా, గొట్టం వెనక తూటా కూర్చునే చాంబర్లోకి చక్కగా పోతుంది, పేలుతుంది. కానీ 16 అంగుళాల మెలి ఆ పొడవును మోయలేదు. చాలా తుపాకుల్లో అది అడ్డంగానే తగులుతుంది. దానికి 9 అంగుళాల మెలి గొట్టం కావాలి. తూటా చాంబర్లో పట్టడం వేరు, గుండుకు గొట్టం నప్పడం వేరు.

గ్రీన్‌హిల్ తర్వాత లెక్కను మరింత సరిచేసింది డాన్ మిల్లర్. 2005లో ప్రచురించిన ఆయన సూత్రం బరువు, పొడవు, అడ్డుకొలత, ట్విస్టు నాలుగూ తీసుకుని ఒక స్థిరత్వ సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య 1 కంటే తక్కువైతే గుండు నిలవదు. 1కీ 1.3కీ మధ్య అంచున నడక, నమ్మకూడదు. 1.4, 1.5 దగ్గర నిశ్చింత. 1.5 కంటే తక్కువలో గుండు అడ్డం తిరగకపోయినా కాస్త ఊగుతూ పోతుంది కాబట్టి గాలి రాపిడి పెరిగి, దూరం వెళ్లేకొద్దీ వేగం ఎక్కువ పోగొట్టుకుంటుంది.

పోలీసు, సైనిక రైఫిళ్లలో కనిపించే 5.56 మిల్లీమీటర్ల బోరు మీద ఈ సూత్రం వేస్తే బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. 55 గ్రెయిన్ల మామూలు గుండు పొడవు 0.74 అంగుళం అనుకుందాం. 12 అంగుళాల మెలిలో సంఖ్య 1.36 వస్తుంది, పనికొస్తుంది. ఇప్పుడు 77 గ్రెయిన్ల మ్యాచ్ గుండు, పొడవు అంగుళానికి ఒక వెంట్రుక తక్కువ. అదే గొట్టంలో సంఖ్య 0.78. అడ్డం తిరగడం ఖాయం. 8 అంగుళాల మెలిలో అదే గుండుకు 1.75. ట్విస్టు 12 నుంచి 8కి దిగితే సంఖ్య రెండుంపావు రెట్లయింది. ట్విస్టు ప్రభావం దాని వర్గంలో (అదే అంకెతో గుణించినంత) ఉంటుంది, అందుకే ఒక అంగుళం అటూ ఇటూ కావడం కూడా చిన్న తేడా కాదు.

వేగం సంగతి దీనికి పూర్తిగా వేరు. మందు గట్టిగా దట్టించి గుండును వేగంగా పంపితే ఇంకా బాగా తిరుగుతుంది కాబట్టి నిలబడుతుందని నమ్మేవాళ్లున్నారు. తిరుగుడు పెరిగే మాట నిజం. కానీ వేగంతోపాటు గాలి నెట్టే బలమూ పెరుగుతుంది, రెండూ దాదాపు కొట్టుకుపోతాయి. సెకనుకు 2800 అడుగుల నుంచి 3200 అడుగులకు పెంచినా స్థిరత్వ సంఖ్యలో వచ్చే లాభం నూటికి నాలుగైదు పాళ్లే. దీనికోసం ఎక్కువ మందు తూటా వెతకడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

చలి దెబ్బ, ఎండ మేలు

అమెరికా సైన్యం ఎం-16 రైఫిల్ తొలి గొట్టాలు 14 అంగుళాల మెలితో వచ్చాయి. మామూలు వాతావరణంలో 55 గ్రెయిన్ల గుండు పోయింది కానీ, తీవ్రమైన చలిలో పరీక్షిస్తే గురి చెదిరింది. 1963లో మెలిని 12 అంగుళాలకు మార్చారు. మిల్లర్ లెక్క వేస్తే కారణం ఇట్టే తెలుస్తుంది. 14 అంగుళాల మెలిలో ఆ గుండు సంఖ్య మామూలు రోజునే 1 దగ్గర వేలాడుతుంటుంది. మైనస్ 54 డిగ్రీల చలిలో గాలి దాదాపు మూడోవంతు చిక్కబడి, సంఖ్య 0.76కి పడిపోతుంది. 12 అంగుళాలైతే అంత చలిలోనూ 1కి పైనే నిలుస్తుంది.

చల్లని గాలి చిక్కన, వేడి గాలి పల్చన. గాలి పల్చబడితే గుండును వాల్చే బలం తగ్గుతుంది. నెల్లూరులో రోహిణి కార్తె నాటి 42 డిగ్రీల ఎండలో గాలి, లెక్కల్లో ప్రామాణికంగా తీసుకునే 15 డిగ్రీల గాలి కంటే నూటికి తొమ్మిది పాళ్ల దాకా పల్చన. స్థిరత్వ సంఖ్య అంతే మేర పెరుగుతుంది. 1.36 కాస్తా 1.48 దాటుతుంది. మనుషుల్ని మాడ్చే ఎండ గుండుకు మాత్రం మేలే చేస్తుంది. ఇక తీరంలో ఉక్కపోత గాలి "బరువుగా" ఉందని అంటాం కానీ, నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. కాబట్టి ఉక్క కూడా గుండుకు చెడుపు చేయదు, తేడా బహు స్వల్పం.

అయితే ఇక్కడే ఒక మెలకువ ఉంది. మే నెలలో కోవూరు పొలాల్లో అంచున నిలబడిన గుండు, జనవరిలో కొండ ప్రాంతపు చలి ఉదయం పోటీలో తప్పొచ్చు. తూటాను పరీక్షించేది ఎండాకాలంలో, వాడేది చలికాలంలో అయితే సంఖ్యలో కొంత మిగులు ఉంచుకోవాలి.

వేడికి ఇంకో ఫలితం ఉంది. శబ్ద వేగం 15 డిగ్రీల దగ్గర సెకనుకు 1116 అడుగులు, 40 డిగ్రీల దగ్గర 1160 అడుగులు దాటుతుంది. సెకనుకు 1080 అడుగులతో బయల్దేరే మ్యాచ్ .22 గుండు శబ్దవేగం గీతకు మరింత కింద, గాలి అలజడికి దూరంగా ప్రయాణిస్తుంది.

మెలిలో చేసిన పొరపాటు ఒక తూటా భవిష్యత్తునే మార్చేసిన సందర్భం కూడా ఉంది. 1955లో రెండు అమెరికా కంపెనీలు ఒకే అడ్డుకొలత గుండుతో పోటీ తూటాలు తెచ్చాయి. వించెస్టర్‌ది .243, మెలి 10 అంగుళాలు, 100 గ్రెయిన్ల గుండు బాగా నడిచేది. రెమింగ్టన్‌ది .244, మెలి 12 అంగుళాలు, 90 గ్రెయిన్ల దగ్గర ఆగిపోయింది. తూటా శక్తిలో .244 ఏమీ తీసిపోలేదు. కొనేవాళ్లు మాత్రం చిన్న జంతువులకూ, జింకలకూ ఒకే తుపాకీ కావాలనుకున్నారు. ఆ రెండో పనికి బరువైన, అంటే పొడుగైన గుండు కావాలి. బేరం .243 వైపు పోయింది. రెమింగ్టన్ 1963లో అదే తూటాకు 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చి, 9 అంగుళాల మెలితో తెచ్చింది. అప్పటికే బజారు చేజారిపోయింది. .243 ఇప్పటికీ ప్రపంచమంతటా అమ్ముడవుతోంది.

మన దగ్గర ఎంపిక ఎక్కడుంది?

అమెరికాలో ఈ చర్చ గొట్టం ఎంచుకోవడం దగ్గర మొదలవుతుంది. అక్కడివాళ్లు గుండు అనుకుని, దానికి తగ్గ గొట్టం చేయించుకోగలరు. ఇక్కడ కాలు మార్చుకోలేం, దానికి సరిపోయే చెప్పునే వెతుక్కోవాలి. ఉన్న గొట్టం ఉన్నదే. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు, దొరికే కొద్దిపాటి బోర్లు, వాటికి దొరికే కొద్దిపాటి తూటాలు. ఉదయగిరి, కనిగిరి వైపు పల్లెల్లో లైసెన్సు ఉన్న రైఫిల్ అంటే చాలావరకు .315. బ్రిటిష్ ప్రభుత్వం సైన్యపు .303 తూటాలు బయటి చేతుల్లో పడకూడదని పౌరులకు ఆ బోరు నిషేధించాక, పాత ఆస్ట్రియా మాన్లిషర్ తూటా వంశానికి చెందిన ఈ .315 వేట తుపాకీగా పాతుకుపోయింది. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన గొట్టం, ఖడ్కీ ఫ్యాక్టరీ చేసిన మృదుముక్కు తూటా, రెండూ ఒకదానికొకటి అని కట్టినవే. ఆ పొత్తు ఫ్యాక్టరీలోనే కుదిరిపోయింది. పంటలో పడే అడవిపందిని కాల్చడానికైనా 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి కాబట్టి, అక్కడ గుండు మార్చి ప్రయోగాలు చేసే అవసరమూ రాదు. .315 ఉన్నవాళ్లకు ఈ వ్యాసంలో పనికొచ్చే మాట ఒక్కటే: విదేశీ పట్టికలు చూసి ఆందోళన పడొద్దు. తుపాకీ మీద రాసిన బోరు కాకుండా వేరే తూటా ఎవరిచ్చినా ముట్టుకోవద్దు.

నిజమైన ఎంపిక ఉన్నది రెండు చోట్ల. ఒకటి 50 మీటర్ల .22 పోటీ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ తూటాతోనే. అక్కడ మెలి గొడవ దాదాపు లేదు, అందరిదీ 16 చుట్టుపక్కలే, గుండు అందరిదీ 40 గ్రెయిన్లే. మధ్య వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు కాబట్టి, వాళ్ల పోరాటమంతా ఏ లాట్ (ఒకే విడతలో తయారైన) తూటా తమ గొట్టానికి బాగా సరిపోతుందో వెతకడం మీదే.

రెండోది ఎయిర్ రైఫిల్. ఈ జిల్లాల్లో పొరపాటు జరగడానికి ఎక్కువ వీలున్నది ఇక్కడే. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి కొత్తవాళ్ల చేతికి వచ్చే మొదటి రైఫిల్ ఇదే. దీని గొట్టం మెలి సాధారణంగా 450 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే 17.7 అంగుళాలు. ఈ మెలి డయాబొలో పెల్లెట్ కోసం పెట్టినది. డయాబొలో అంటే నడుం సన్నగా, తోక బోలుగా పావడాలా విచ్చుకుని ఉండే సీసపు పెల్లెట్. తోక బోలు కావడంతో బరువు ముందుకు పడి, గాలి వెనక పావడాను పట్టి లాగుతుంది. షటిల్ కాక్ సూత్రం మళ్లీ ఇక్కడ. అంటే పెల్లెట్‌కు ఆకారమే సగం నిలకడ ఇస్తుంది, అందుకే సుడి తక్కువైనా సరిపోతుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో పెల్లెట్ నిమిషానికి తిరిగేది సుమారు 23,000 చుట్లే. .22 గుండు 48,000 చుట్లు దాటుతుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో స్లగ్స్ అని దొరుకుతున్నాయి. పావడా లేని, నిండు గుండు ఆకారపు ఎయిర్ రైఫిల్ గుళ్లు. బరువు ఎక్కువ, గాలిలో వేగం నిలుపుకుంటాయి, దూరం పోతాయి అని ప్రకటనల్లో ఉంటుంది. అబద్ధం కాదు. అయితే వాటికి పావడా లేదు కాబట్టి ఆకారం ఇచ్చే సాయమూ లేదు, పూర్తిగా సుడి మీదే బతకాలి. అవి పొడుగ్గానూ ఉంటే 450 మిల్లీమీటర్ల మెలి చాలకపోవచ్చు. స్లగ్స్ కోసమే ఎక్కువ మెలితో చేసిన గొట్టాలు వేరే ఉన్నాయి. మామూలు స్ప్రింగ్ రైఫిల్‌కు ఇంకో బాధ కూడా ఉంది: బరువు స్లగ్‌ను అది తగినంత వేగంగా నెట్టలేదు. పెల్లెట్లకన్నా ఎక్కువ ధర పెట్టి స్లగ్స్ కొని, అట్టమీద చెల్లాచెదురుగా పడితే తమ చేతినే తిట్టుకునే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి. తప్పు చేతిది కాదు. ఆ గొట్టానికి మంచి డయాబొలో పెల్లెట్టే తగినది.

మరీ ఎక్కువైతే?

మెలి తక్కువైతే ప్రమాదమని తెలిశాక, ఎక్కువ పెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. కొంతవరకు పోతుంది. స్థిరత్వ సంఖ్య 2, 2.5 ఉన్నా బాగా చేసిన గుండుకు పెద్ద నష్టం లేదు. అందుకే ఇప్పటి తయారీదారులు కాస్త ఎక్కువ మెలి వైపే మొగ్గుతున్నారు, వాళ్ల నిర్ణయం సరైనదే.

నష్టం గుండు తయారీ సరిగా లేనప్పుడు. రెక్క వంగిన సీలింగ్ ఫ్యాన్ ఒకటో నెంబరులో బాగానే తిరుగుతుంది, ఐదులో పెడితే గడగడలాడుతుంది. గుండు బరువు నడిమధ్య లేకపోతే సుడి పెరిగేకొద్దీ అదే జరుగుతుంది. గొట్టంలో బిగుసుకుని తిరిగిన గుండు, బయటపడగానే తన బరువు నడిమి చుట్టూ తిరగబోతూ కాస్త పక్కకు విసిరినట్టు పోతుంది. ఇక పల్చటి తొడుగున్న తేలిక గుళ్లకు ఇంకా పెద్ద గండం. సెకనుకు 3200 అడుగుల వేగంతో 7 అంగుళాల మెలిలో పోయే గుండు నిమిషానికి 3,29,000 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల మెలిలో అదే గుండుకు 1,92,000 చుట్లే. మూడు లక్షలు దాటిన సుడికి కొన్ని పల్చటి గుళ్లు గాల్లోనే చీలిపోయి, అట్టదాకా రానే రావు. అట్టమీద చిల్లే లేకపోతే గురి పూర్తిగా తప్పిందనుకుంటారు, నిజానికి గుండు దారిలోనే చిట్లిపోయి ఉండొచ్చు.

ఇంకో సంగతి. ముందుకు పోయే వేగం గాలి రాపిడికి త్వరగా తగ్గుతుంది, సుడి మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. అందువల్ల గొట్టం నుంచి నిలకడగా బయల్దేరిన గుండు దూరం పోయేకొద్దీ మామూలుగా ఇంకా నిలకడగా ఉంటుంది. శబ్దవేగాన్ని దాటి కిందకు దిగేటప్పుడు మాత్రం కొన్ని గుళ్లు తడబడతాయి. అంటే మెలి చాలని గుండు తన సంగతి దగ్గర్లోనే బయటపెట్టేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి దూరపు రేంజి అక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయాలి. మెత్తటి అట్ట పనికిరాదు, చిల్లు అంచులు చిరిగి ఏమీ తెలియదు. గట్టి కాగితం బిగువుగా కట్టి, వెనక గుండు ఆగే మట్టి దిబ్బ ఉన్న చోట, ఎయిర్ రైఫిల్ అయితే 10 మీటర్ల దగ్గరా 25 మీటర్ల దగ్గరా, .22 అయితే రేంజిలో 25 దగ్గరా 50 దగ్గరా, ఒక్కో రకం పదేసి కాల్చాలి. మూడు కాల్చి తీర్పు ఇవ్వకూడదు, అంచున ఉన్న గుండు మూడు సార్లు బాగానే పోయి నాలుగోసారి ఒరగొచ్చు. తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టి ఒక్కో చిల్లు చూడాలి. అన్నీ గుండ్రంగా ఉండి గుంపు మాత్రం పెద్దదైతే మెలి బాగానే ఉంది, లోపం గొట్టం అంచులోనో, పేరుకున్న సీసంలోనో, తూటా లాట్‌లోనో వెతకాలి. పదింటిలో ఒక్కటి కోలగా పడినా, చిల్లు ఒక పక్కన గుండు ఒరుసుకున్న నల్లటి మరక కనిపించినా, ఆ రకం ఆ గొట్టానికి నప్పలేదు. డబ్బా మూత పెట్టేసి, అదే బోరులో దానికంటే పొట్టి గుండు తెచ్చుకోవాలి.